ఫైల్ వీడియో

శుక్రవారం పొద్దున చంద్రిక పళ్ళు తోముకుంటూ ఉండగా వాళ్ళమ్మ దగ్గర్నుంచి వాట్సాప్‌లో ఒక వీడియో వచ్చింది. కింద ఒకటే మాట. "చూశావా?"

నాలుగు సెకన్లు. ఎవరో ఇంట్లో టీవీ ముందు ఫోన్ పట్టుకుని తీసి, కావలసినంత ముక్క కత్తిరించారు. పెనం మీద పెసరట్టు. దాన్ని తిరగేస్తున్న చెయ్యి. చేతికి ఆకుపచ్చ గాజులు. వెనక గోడకి పసుపు పలకలు, వాటి మీద తెల్లటి ముగ్గులు. ఆ బొమ్మ మీద ఒక మగగొంతు నింపాదిగా చెబుతోంది, వంటగదిలో ఎలుకల పెంటికలు దొరికాయని.

తెర మూలలో ఎనిమిది అంకె.

చంద్రిక నోట్లో నురగ అలాగే ఉండిపోయింది. ఆ గొంతు వాళ్ళ రిపోర్టర్‌ది. ఆ ఎనిమిది వాళ్ళ స్టేషన్‌ది. నిన్న సాయంత్రం ఆరు గంటల బులెటిన్ తనది. ఆ చెయ్యి ఎవరిదో కమ్మింగ్ ఊళ్ళో ఉన్న తెలుగువాళ్ళలో తెలియనివాళ్ళు లేరు. సుబ్బులు ఆంటీది.

సుబ్బులు ఆంటీ భోజనాల కొట్లో ఎలుకలు లేవు. ఎలుకలు దొరికింది నలభై మైళ్ళ అవతల, ఇంకో ఊళ్ళో, ఇంకెవరిదో రెస్టారెంట్‌లో.

చంద్రిక నోరు కడుక్కుని, జుట్టు ముడేసుకుని కారెక్కింది. డ్యూటీ మధ్యాహ్నం నుంచి. ఆగే పని కాదు.

ఛానల్ ఎయిట్ ఊరి బయట గుట్ట మీద ఒక పొట్టి ఇటుక బిల్డింగ్. డెబ్భై ఏళ్ళ కిందట కోళ్ళదాణా అమ్ముకునే ఒకాయన పెట్టిన స్టేషన్ అది. లాబీలో ఇప్పటికీ ఆయన ఫొటో ఉంది, పక్కన మొదటి కెమెరా, దాని పక్కన ఒక కోడి బొమ్మ. సీరియళ్ళూ, ఆటలూ, దేశం వార్తలూ అన్నీ న్యూయార్క్‌లో ఉన్న నెట్‌వర్క్ నుంచి వస్తాయి. మూడేళ్ళ కిందట టెక్సస్ కంపెనీ ఒకటి స్టేషన్‌ని కొనేశాక, ప్రకటనలు వేసే మీట కూడా వేరే రాష్ట్రానికి వెళ్ళిపోయింది. ఇంక ఈ బిల్డింగ్‌లో మిగిలినవి రెండే. ఊరి వార్తలు, ఊరి వాతావరణం.

చంద్రిక అక్కడ ప్రొడ్యూసర్. ఆ మాట అంటే వాళ్ళ బంధువులు ఆమె డబ్బు పెట్టి సినిమా తీస్తోందేమో అనుకుంటారు. ఆరు గంటల బులెటిన్‌లో ఏ వార్త ముందు, ఏది వెనక, ఏది ఎంతసేపు అన్నది తేల్చడం ఆమె పని. ఆ వరసనే రన్‌డౌన్ అంటారు. బులెటిన్ నడుస్తున్నంతసేపూ కంట్రోల్ రూమ్‌లో గడియారం చూస్తూ కూర్చుని, పొడుగైనదాన్ని కోస్తుంది, పొట్టిదాన్ని సాగదీస్తుంది.

నిన్న ఆ నాలుగు సెకన్లు తెర మీద వెళుతున్నప్పుడు ఆమె తల వంచుకుని ప్రకటనల బ్రేక్‌కి లెక్క వేస్తోంది.

కంప్యూటర్‌లో పాత వీడియోల గిడ్డంగి తెరిచి 'కిచెన్' అని కొట్టింది. మొట్టమొదట వచ్చింది అదే. పోయిన దీపావళికి శాకాహార వంటల మీద స్టోరీ చేసినప్పుడు తీసింది. కింద ఎవరో పెట్టిన గుర్తు: 'వంటగది, పెనం, చేతులు, ఆవిరి. జనరల్.' ఎలుకల రెస్టారెంట్ వాడు కెమెరాని లోపలికి రానివ్వలేదు. ఎడిటర్‌కి కదిలే బొమ్మ ఏదో ఒకటి కావాలి. వెతికాడు, దొరికింది, అతికించాడు. ఇది పాత బొమ్మ అని తెలిసేలా మూలన 'ఫైల్ వీడియో' అని వేయాలి, వేయలేదు. వేసినా ఒరిగేదేమీ లేదు.

ఆమె ఆ క్లిప్‌ని ఎవరూ వాడకుండా తాళం వేసి, న్యూస్ డైరెక్టర్ డెబ్రా గదిలోకి వెళ్ళింది.

డెబ్రా ఇదే బిల్డింగ్‌లో టేపులు మోసే పిల్లగా చేరి, జుట్టు నెరిసేదాకా ఇక్కడే ఉంది. గది తలుపు ఎప్పుడూ మూయదు. వీడియో రెండుసార్లు చూసి ఫోన్ తిరిగి ఇచ్చేసింది.

"మనం పేరు చెప్పలేదు," అంది.

"బొమ్మ చూపించాం."

"చేతులు, చంద్రికా. ఏ చేతులైనా కావచ్చు."

"నాకు తెలిసినవాళ్ళలో ఆ చేతుల వంట తిననివాళ్ళు లేరు. పసిపిల్లకి కూడా తెలుసు ఆ గోడ ఎవరిదో. వచ్చే గురువారం, ఇదే బులెటిన్‌లో, హోటళ్ళ తనిఖీల వార్త కోసం చూసేవాళ్ళ ముందే, పేరు పెట్టి మన తప్పు చెప్పాలి."

"టెక్సస్‌లో లీగల్ వాళ్ళు చూడాలి."

"చూడమనండి. నేను రాసి పంపిస్తాను."

డెబ్రా కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. "నీకు ఆవిడ ఏమవుతుంది?"

"ఏమీ అవ్వదు. ఆంటీ, అంతే."

డెబ్రాకి ఆ 'అంతే' అర్థమయినట్టు లేదు. అయినా తల ఊపింది.

*

శనివారం మధ్యాహ్నం, మామూలుగా అయితే సుబ్బూస్ కిచెన్ ముందు లైన్ పక్కనున్న నెయిల్ సెలూన్ దాకా ఉంటుంది. ఇవాళ పార్కింగ్‌లో రెండే కార్లు. ఒకటి చంద్రికదే.

లోపల గాజు పెట్టె వెనక ట్రేలు నిండుగా ఉన్నాయి. గోంగూర పప్పు, గుత్తి వంకాయ, బెండకాయ వేపుడు. పైన తొరకలు కట్టడం మొదలుపెట్టాయి. సుబ్బులు గరిటెతో ఒక్కో ట్రేనీ కలిపి, అంచులు తుడిచి, మళ్ళీ మూత పెడుతోంది. అరవై దగ్గర పడుతున్న మనిషి, పొట్టిగా, గట్టిగా ఉంటుంది. వెనక సింక్ దగ్గర ఆమె భర్త పరంధామయ్య ఖాళీగా ఉన్న గిన్నెలనే మళ్ళీ తోముతున్నాడు.

కౌంటర్ ముందు అవినాష్ నిలబడి ఉన్నాడు. తెలుగు అసోసియేషన్‌లో ఫుడ్ కమిటీ అతనిది. వచ్చే శనివారం లేక్ దగ్గర పిక్నిక్‌కి భోజనాలు సుబ్బులుకే చెప్పాడు.

"ఆంటీ, నాకైతే డౌట్ లేదు. నేను నమ్ముతనా ఇసుంటివి? కానీ పబ్లిక్ అడుగుతుండ్రు. గ్రూప్‌ల ఒకటే లొల్లి. పిల్లలున్నరు, పెద్దోళ్ళున్నరు. జర అర్థం చేస్కోండి."

"ఏం అర్థం చేసుకోవాలో చెప్పు నాయనా."

"ఈసారికి వేరేవాళ్ళకి ఇద్దామని కమిటీల అనుకున్నం. నెక్స్ట్ ఈవెంట్‌కి మీరే. పక్కా."

"వేరేవాళ్ళకి చెప్పేశారా, చెబుదామనుకుంటున్నారా?"

అవినాష్ కారు తాళాలు చేతిలో తిప్పాడు. "చెప్పలే. శుక్రవారం దాక టైమున్నది. టీవీల ఏదన్నా క్లారిటీ వస్తే గ్రూప్‌ల నేనే పెడ్త ఆంటీ. నాకేం కోపమా మీ మీద?"

అతను వెళుతూ తలుపు దగ్గర చంద్రికని చూసి ఆగాడు. "నువ్వు ఛానల్ ఎయిట్‌ల చేస్తవ్ కదా?" అన్నాడు. ఆమె ఔనంది. అతను ఇంకేమీ అనకుండా వెళ్ళిపోయాడు. తిట్టినా అంత తగిలేది కాదు.

"ఆంటీ, ఐ యామ్ సో సారీ," అంది చంద్రిక. ఏడేళ్ళప్పుడు వచ్చేసింది ఈ దేశానికి. తెలుగు వస్తుంది గానీ, మాటల చివర్లు గబగబా మింగేస్తుంది. "అది మా మిస్టేక్. టోటల్లీ మా మిస్టేక్. నా షోలోనే వెళ్ళింది. నేను ఫిక్స్ చేస్తాను."

సుబ్బులు చెయ్యి తుడుచుకుంది. "దీపావళికి వచ్చినప్పుడు ఆ కెమెరా అబ్బాయికి రెండు అట్లు ఎక్కువే వేశాను. కళ్ళనీళ్ళు పెట్టుకుని తిన్నాడు, అల్లం పచ్చడికి."

"తెలుసు ఆంటీ. ఇప్పటికీ చెబుతాడు."

"మరి ఆ బొమ్మ తీసుకుపోయి ఎక్కడ పెట్టారమ్మాయ్?"

సింక్ దగ్గర పరంధామయ్య నీళ్ళు కట్టేశాడు. "కౌంటీ శుభ్రత తనిఖీ వాళ్ళిచ్చిన సర్టిఫికెట్ నిన్న తీసి తలుపుకి అంటించాను," అన్నాడు ఆయన. "నూటికి తొంభై ఎనిమిది. ఒకావిడ వచ్చి చదివింది. చదివి, ఫొటో తీసుకుని వెళ్ళిపోయింది. లోపలికి మాత్రం రాలా."

"గురువారం ఆరింటికి," అంది చంద్రిక. "పేరు పెట్టి చెప్పిస్తాను. ప్రామిస్."

*

సోమవారం లీగల్ వాళ్ళ దగ్గర్నుంచి వాక్యం వచ్చింది. గత వారం కథనంలో వాడిన కొన్ని దృశ్యాలకు ఆ కథనంతో సంబంధం లేదని ప్రేక్షకులు గమనించగలరు. అంతే. ఏ కథనమో, ఏ దృశ్యాలో, ఎవరివో లేదు.

చంద్రిక ఫోన్ తీసింది. టెక్సస్ లాయర్ మర్యాదగానే మాట్లాడాడు. పేరు చెబితే ఆమెకి నష్టం చేశామని ఒప్పుకున్నట్టు అవుతుందన్నాడు.

"చేశాం కదా," అంది చంద్రిక.

"ఆ మాట ఈ ఫోన్‌లో నువ్వు అనలేదు, నేను వినలేదు."

మంగళవారం మళ్ళీ చేసింది. ఈసారి అడగలేదు, వివరించింది. ఈ ఊళ్ళో మీ కంపెనీకి ప్రకటనలిచ్చే కార్ల డీలర్ ఎవరు, ఆ కార్లు కొనేది ఎవరు, ఆ కొనేవాళ్ళు వారాంతంలో ఎక్కడ తింటారు. లాయర్ ఆ డీలర్ పేరు రాసుకున్నాడు. తర్వాత ఒకరికి ఫోన్ చేసి చెబుతానన్నాడు. సాయంత్రానికి కొత్త వాక్యం వచ్చింది. అందులో పేరుంది. కమ్మింగ్‌లోని సుబ్బూస్ కిచెన్‌లో ఎలుకలు ఉన్నట్టు ఏ తనిఖీలోనూ తేలలేదు.

చంద్రిక కుర్చీలోంచి లేచి ఒక్కతే చప్పట్లు కొట్టుకుంది. బులెటిన్ అయిపోగానే కారు తీసి నేరుగా కొట్టుకి వెళ్ళింది. కౌంటర్ మీద ఫోన్ పెట్టి, వాక్యం చదివి, తెలుగులో చెప్పింది.

సుబ్బులు గుత్తి వంకాయ ట్రే పట్టుకుని అంతా విన్నది. ఆ ట్రే ఎవరూ ముట్టనే లేదు. దాన్ని నల్ల సంచిలోకి వంచింది.

"వద్దు," అంది.

"ఏంటి ఆంటీ?"

"ఇది చెప్పొద్దు."

"ఆంటీ, మీకు అర్థం కాలేదేమో. లేవు అనే చెబుతున్నాం. మీ పేరు పెట్టి. ఇది రావడానికి నేను ఎంత ఫైట్ చేశానో..."

"అర్థమైంది. నా కొట్టు పేరూ, ఆ జంతువు పేరూ ఒకే వాక్యంలో పెట్టారు. అందులో లేదు అన్న ముక్క కోసేయడానికి ఎంతసేపు పడుతుంది? పోయినసారి నాలుగు సెకన్లు కోసినవాళ్ళు ఈసారి రెండు కోస్తారు." సంచి మూతి గట్టిగా ముడేసింది. "పోయిన వారం చూడనివాళ్ళు కూడా ఉన్నారు. వాళ్ళకి నువ్వే చెబుతావా?"

చంద్రికకి కోపం వచ్చింది. సుబ్బులు మీద కాదు. ఆ మాట తనకి తట్టనందుకు. వాక్యాలు కోసి బతికేది తను.

"మరి ఏం చేయమంటారు? చెప్పండి. ఏం చేస్తే సరిపోతుంది?"

సుబ్బులు సంచిని వెనక తలుపు దగ్గర పెట్టి వచ్చింది.

"నాకు మాటలొద్దమ్మాయ్. మాటలు ఎవరైనా చెబుతారు. బొమ్మతో పోయింది, బొమ్మతోనే రావాలి. మీ టీవీలో జనం నమ్మే మనిషి ఒకడు ఇక్కడికొచ్చి, ఈ పెనం ముందు నిలబడి ఒక అట్టు తింటే చాలు. ఆ ఒక్కటి చెయ్యి."

"అలా కుదరదు ఆంటీ. న్యూస్ వాళ్ళు ఒక రెస్టారెంట్‌లో తిని బాగుంది అనకూడదు. రూల్."

"బాగుందని ఎవరనమన్నారు? తినమన్నాను."

ఆ రాత్రి చంద్రిక టెక్సస్‌కి మెయిల్ పెట్టింది. పేరున్న వాక్యం సుబ్బులుకి వద్దట. లాయర్ వెంటనే జవాబిచ్చాడు, ఇలాంటి వార్త కోసమే కాచుకున్నట్టు. అయితే పేరు లేని పాత వాక్యమే వేయండి.

*

బుధవారం మధ్యాహ్నం చంద్రిక గురువారం రన్‌డౌన్ కడుతోంది. స్కూల్ బోర్డు. హైవే పనులు. గురువారం గురువారం వచ్చే హోటళ్ళ తనిఖీల వార్త, కిచెన్ రిపోర్ట్‌ని ఈ వారానికి డెబ్రా తీసేసింది. చివర్న, స్పోర్ట్స్ తర్వాత, లీగల్ వాళ్ళ వాక్యం. మధ్యలో వాతావరణం.

వాతావరణం గడి దగ్గర ఆమె వేలు ఆగింది.

డేల్ ముప్ఫై ఏళ్ళుగా ఛానల్ ఎయిట్‌లో వాతావరణం చెబుతున్నాడు. కమ్మింగ్ తెలుగువాళ్ళకి యాంకర్ల పేర్లు తెలియవు. చాలా ఇళ్ళల్లో ఆ ఛానల్ పెట్టరు కూడా. కానీ సుడిగాలి సైరన్ మోగితే అందరూ బాత్‌రూమ్‌ల్లో దాక్కుని ఫోన్‌లో చూసేది డేల్‌నే. ఆయన బేస్‌మెంట్‌లోకి వెళ్ళమంటే వెళతారు, ఇంక రావచ్చంటే వస్తారు. ప్రతి గురువారం ఆయన స్టూడియోలో ఉండడు. ఊరు తిరుగుతాడు. స్కూల్ మైదానం, పీచ్ పళ్ళ బండి, చర్చి వంటగది. అక్కడ నిలబడి రేపటి ఎండ సంగతి చెబుతాడు. అక్కడివాళ్ళు ఏదిస్తే అది తింటాడు కూడా. ముప్ఫై ఏళ్ళుగా ఎవరూ దాన్ని వార్త అనలేదు.

ఈ వారం ఫైర్ స్టేషన్ అని రాసి ఉంది. చంద్రిక దాన్ని చెరిపేసింది. కొత్త చిరునామా కొట్టి, ప్రింట్ తీసుకుని డెబ్రా గదిలోకి వెళ్ళింది.

డెబ్రా చదివింది. కుర్చీ వెనక్కి వాల్చింది.

"లీగల్ వాళ్ళకి చెప్పావా?"

"వాతావరణం ఎక్కడి నుంచి చెప్పాలో వాళ్ళని ఎప్పుడైనా అడిగామా?"

"లేదు." డెబ్రా లేచింది. వెళ్ళి తలుపు మూసింది. స్టేషన్‌లో చేరాక చంద్రిక ఆ తలుపు మూసుకోవడం చూడటం అదే మొదటిసారి. "విను. డేల్ వెళతాడు, తింటాడు, గాలిలో పుప్పొడి ఎంత ఉందో చెబుతాడు. పోయిన వారం గురించి అక్కడ ఒక్క మాట రాకూడదు. వాడి నోటా, ఆవిడ నోటా. వస్తే పై వాళ్ళకి నేను చెప్పుకోవడానికి ఏమీ ఉండదు. ముందు నువ్వు పోతావు, వారం తిరక్కుండా నేను పోతాను. సరేనా?"

"సరే."

"ఫైర్ స్టేషన్ వాళ్ళకి ఎవరు చెబుతారు?"

"చెప్పేశాను. వచ్చే వారం రమ్మన్నారు."

డెబ్రా తలుపు తెరుస్తూ నవ్వింది. "నన్ను అడగక ముందే?"

సుబ్బులుకి ఫోన్‌లో చెబితే ఆవిడ ముందు నమ్మలేదు. "ఆ తుఫానుల ఆయనా? ఆయనే?" అని రెండుసార్లు అడిగింది. తర్వాత గొంతు మామూలుగా చేసుకుంది. "కారం తింటాడా?"

"ఏదైనా తింటాడు ఆంటీ. ఒక్కటే రిక్వెస్ట్. పోయిన వారం గురించి మీరేం మాట్లాడకూడదు. ప్లీజ్. నా జాబ్ పోతుంది."

"నాకై నేను మాట్లాడను."

"ప్రామిస్?"

"చెప్పాను కదమ్మాయ్."

*

గురువారం ఆరు గంటలకి కొద్ది నిమిషాల ముందు కంట్రోల్ రూమ్‌లో ఎర్ర లైటు వెలిగింది. నెట్‌వర్క్ స్పెషల్ రిపోర్ట్. వాషింగ్టన్ నుంచి ఏదో పెద్ద ప్రకటన, ఎంతసేపో వాళ్ళకే తెలియదు. నెట్‌వర్క్ తెర తీసుకుంటానంటే అనుబంధ స్టేషన్ ఇవ్వాల్సిందే. తిరిగి ఇచ్చేది ఎప్పుడో వాళ్ళు చెప్పరు. ఆరున్నరకి మాత్రం వాళ్ళ దేశం వార్తలు సెకను అటూ ఇటూ కాకుండా మొదలవుతాయి. మధ్యలో ఏం మిగిలితే అదే చంద్రిక బులెటిన్.

గోడ నిండా తెరలు. ఒక దాంట్లో వాషింగ్టన్. ఇంకో దాంట్లో సుబ్బులు వంటిల్లు. డేల్ అక్కడికి ఐదున్నరకే చేరాడు. భారీ మనిషి, ఇరుకు వంటింట్లో అడ్డంగా నిలబడి పరంధామయ్యతో ఏదో చెప్పి నవ్వుతున్నాడు. సుబ్బులు కొత్త చీర కట్టుకుంది. గాజులు మాత్రం అవే.

ఆరు దాటింది. ఆరుంబావు దాటింది. వాషింగ్టన్ మాట్లాడుతూనే ఉంది.

చంద్రిక రన్‌డౌన్‌లో ఒక్కొక్కటీ కోసింది. హైవే పోయింది. స్కూల్ బోర్డు పోయింది. డబ్బులిచ్చిన ప్రకటనలు కోయడానికి లేదు. స్పోర్ట్స్ చెప్పేవాడు తనది కూడా కోస్తే లేచి వెళ్ళిపోయేలా ఉన్నాడు. చివరి గడిలో లీగల్ వాక్యం ఉంది. దాన్నీ కోసింది. నెట్‌వర్క్ మింగిన రోజున పోయేవి ముందు అవే, చివర ఉన్నవి.

"వాతావరణం?" అన్నాడు పక్కన తెరలు మార్చే డైరెక్టర్.

"ఉంటుంది," అంది చంద్రిక.

అడగక్కర్లేని ప్రశ్న అది. వాతావరణం కోసిన బులెటిన్ ఆ బిల్డింగ్‌లో ఇంతవరకు వెళ్ళలేదు.

ఆరూ ఇరవై దాటాక నెట్‌వర్క్ వదిలింది. యాంకర్ రెండు వార్తలు చదివింది. ప్రకటనలు. తర్వాత ఆమె డేల్ వైపు తిరిగి, ఇవాళ ఎక్కడున్నావని అడిగింది. సుబ్బులు వంటిల్లు తెర నిండా వచ్చింది. పసుపు పలకలు, ముగ్గులు, పెనం. కింద పేరు: సుబ్బూస్ కిచెన్, కమ్మింగ్.

డేల్ పుప్పొడి లెక్క చెప్పాడు. శనివారం లేక్ దగ్గర ఎండ కాస్తుందని చెప్పాడు. ఈలోగా సుబ్బులు పిండి పోసి, గుండ్రంగా తిప్పి, ఉల్లిపాయ చల్లి, అల్లం ముక్కలు అద్దింది. అట్టు తిరగేసి పళ్ళెంలో వేసి ఆయన చేతికిచ్చింది. ఆయన తుంచి నోట్లో పెట్టుకున్నాడు. కళ్ళు చెమర్చాయి. ఇంకో ముక్క తుంచాడు.

చంద్రిక ఊపిరి వదిలింది. అయిపోయింది. ఇంకో పది సెకన్లు, స్టూడియోకి తిరిగి ఇచ్చేస్తాడు.

అప్పుడు డేల్, ప్రతి గురువారం ప్రతి చోటా అడిగేదే, నోట్లో ముక్కతో అడిగాడు. ఛానల్ ఎయిట్ ఇంతకు ముందు ఎప్పుడైనా ఇక్కడికి వచ్చిందా?

సుబ్బులు అట్లకాడ కింద పెట్టింది. కెమెరా వైపు చూడలేదు. ఆయన్నే చూసింది.

"టూ టైమ్స్ సర్," అంది. "దీపావళికి, యూ ఆస్క్, అండ్ కమ్. లాస్ట్ థర్స్‌డే, నో ఆస్క్. స్టిల్, యూ కమ్."

కంట్రోల్ రూమ్‌లో తలలన్నీ ఆ తెర వైపు తిరిగాయి. డైరెక్టర్ వేలు మీట మీద ఉంది. "స్టూడియోకి లాగేయనా?" అన్నాడు. తెర మీద డేల్ నమలడం ఆపాడు. ఆయనకి ఎవరూ ఏమీ చెప్పలేదు. కానీ ఆయన కూడా ఆ స్టేషన్‌లోనే పని చేస్తాడు, పోయిన వారం సంగతి తెలుసు.

డెస్క్ మీద ఫోన్ మోగింది. చంద్రిక తీసింది. డెబ్రా. "చూస్తున్నాను," అంది.

"లాగేయనా?" మళ్ళీ అడిగాడు డైరెక్టర్.

"వద్దు," అంది చంద్రిక. "ఉంచు."

డేల్ పళ్ళెం పొయ్యి పక్కన పెట్టాడు. చెయ్యి తుడుచుకున్నాడు.

"అవునమ్మా," అన్నాడు. "మీ వంటిల్లు మీది కాని కథలో చూపించాం. అది మా తప్పు. మేం చేయకూడనిది చేశాం. క్షమించండి."

సుబ్బులు తల ఊపింది. "ఓకే," అంది. ఆ పళ్ళెం తీసి మళ్ళీ ఆయన చేతిలో పెట్టింది. "ఈట్. ఇట్ విల్ గెట్ కోల్డ్."

ఆయన తిన్నాడు.

చెవి దగ్గర డెబ్రా గొంతు వినపడింది, మెల్లగా. "స్పోర్ట్స్ ఉందా ఇంకా?"

"ఉంది."

"తీసెయ్. ఆయన్ని పూర్తిగా తిననీ."

డేల్ ఆ అట్టు తింటుండగానే ఆరున్నర అయింది. నెట్‌వర్క్ తన టైమ్‌కి తను వచ్చి తెర తీసుకుంది.

*

చంద్రిక కమ్మింగ్ చేరేసరికి ఇంకా వెలుగుంది. పార్కింగ్‌లో కార్లు పూర్తిగా నిండలేదు గానీ, నెయిల్ సెలూన్ ముందు కూడా రెండు ఆగి ఉన్నాయి. ఫోన్ దారి పొడుగునా మోగుతూనే ఉంది. వాళ్ళమ్మ పంపిన వీడియోలో డేల్ తింటున్నాడు. ఇంకొకరు పంపిన దాంట్లో క్షమించమంటున్నాడు. టెక్సస్ నంబర్ నుంచి రెండు కాల్స్ వచ్చాయి. డెబ్రా నుంచి ఒక మెసేజ్: 'వాళ్ళ ఫోన్ ఎత్తకు. రేపు వాళ్ళు నిన్ను పిలిస్తే ఆ గదిలో నేనూ ఉంటాను.'

ఉద్యోగం ఉంటుందో లేదో రేపు తెలుస్తుంది. ఉన్నా లేకపోయినా ఇంకోసారి అవకాశం వస్తే డైరెక్టర్‌కి అదే మాట చెబుతుంది. అది మాత్రం ఇవాళే తెలుసు.

లోపల కౌంటర్ ముందు అవినాష్ ఉన్నాడు. వెనక ఇద్దరు ముగ్గురు నిలబడ్డారు.

"ఆంటీ, సూపర్! గ్రూప్‌ల నేనే పెట్టిన. కమిటీ మొత్తం ఓకే. శనివారం మీరే. మెనూ సేమ్." చేతులు రుద్దుకున్నాడు. "ఇప్పుడు నాకు నాలుగు పెసరట్లు పార్సిల్ చెయ్యండి. ఇంట్ల పిల్లలు గోల."

సుబ్బులు పెనం మీద నీళ్ళు చిలకరించింది. చుయ్యిమంది.

"శనివారం సంగతి తర్వాత. వేరేవాళ్ళకి చెప్పలేదుగా?"

"చెప్పలే ఆంటీ. ఒట్టు."

"మరి పార్సిల్ ఎందుకు? ఇంటికెళ్ళి తలుపేసుకుని తినడానికా?"

లైన్‌లో ఎవరో కిసుక్కున నవ్వారు. అవినాష్ కూడా నవ్వబోయి, సుబ్బులు మొహం చూసి ఆపేశాడు.

"ఇక్కడే తింట ఆంటీ. ప్లేట్‌ల పెట్టండి."

ఆమె అట్టు తీసి పళ్ళెంలో వేసింది. పక్కన అల్లం పచ్చడి కొంచెం ఎక్కువే పెట్టింది. అతను పళ్ళెం పట్టుకుని లోపలి మూల టేబుల్ వైపు నడిచాడు.

"అక్కడ కాదు నాయనా," అంది సుబ్బులు, ఇంకో అట్టుకి పిండి పోస్తూ. "ఆ కిటికీ అద్దం పక్కన కూర్చో. బయటికి కనపడేట్టు."